వెండికి లెక్క తేలింది, మరి మనుషులకు?

2024 మే 8న లండన్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక విచిత్రమైన కేసులో తీర్పు చెప్పింది. హిందూ మహాసముద్రం అడుగున 70 ఏళ్లకు పైగా పడి ఉన్న 2,364 వెండి కడ్డీల గురించిన కేసు అది. రెండున్నర కిలోమీటర్ల లోతు నుండి 2017లో ఒక బ్రిటిష్ సంస్థ వాటిని పైకి తీసి సౌతాంప్టన్ రేవుకు చేర్చింది. ఆ వెండి తనదని దక్షిణాఫ్రికా ప్రభుత్వం చెప్పింది. అయితే వెలికితీసినందుకు తమకు ప్రతిఫలం ఇవ్వాలని ఆ సంస్థ దావా వేసింది. ఒక పరాయి ప్రభుత్వ ఆస్తి మీద బ్రిటన్ కోర్టుల్లో అలాంటి దావా నడుస్తుందా, నడవదా అన్నదే ప్రశ్న. కింది రెండు కోర్టులు నడుస్తుందన్నాయి. సుప్రీంకోర్టు నడవదంది. ఓడలో ఊరికే మోసుకుపోతున్న సరకు వ్యాపార వినియోగంలో ఉన్నట్లు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు.

వార్తాపత్రికలు ఈ తీర్పును నిధి కథలా రాశాయి. వెండి విలువ 3 కోట్ల పౌండ్లకు పైమాటే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. కానీ ఆ వెండితో పాటు మునిగిన 280 మంది గురించి చాలా వార్తల్లో ఒకటి రెండు వాక్యాలే ఉన్నాయి. వారిలో అధికులు మన దేశస్థులు. ప్రియ పాఠకులారా, ఈ వారం మన ఆలోచన వారి గురించే. ఎందుకంటే వారికి జరిగింది పాత కథ మాత్రమే కాదు. వర్తక ఓడల మీద పనిచేసే మన పిల్లలకు ఈ రోజుల్లో కూడా అదే ప్రమాదం ఎదురవుతున్నది.

ఆ ఓడ పేరు తిలావా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. 1924లో కట్టిన, పదివేల టన్నుల ఓడ. 1942 నవంబర్ 20న బొంబాయి నుండి బయలుదేరింది. మొంబాసా, లొరెన్సో మార్క్వెస్ మీదుగా దర్బన్ చేరాలి. అందులో 732 మంది ప్రయాణికులు, 222 మంది సిబ్బంది, నలుగురు తుపాకీ దళం వారు, మొత్తం 958 మంది. ఆరువేల టన్నులకు పైగా సరకు ఉంది. అందులోనే దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేలు ముద్రించడం కోసం భారత ప్రభుత్వం నుండి కొన్న వెండి ఉంది. ప్రయాణికుల్లో ఎక్కువమంది తూర్పు, దక్షిణ ఆఫ్రికాలలో వ్యాపారాలు, ఉద్యోగాలు ఉన్న కుటుంబాల వారు. గుజరాతీలు అధికం. ఆడవారు, పసిపిల్లలు చాలామంది ఉన్నారు.

నవంబర్ 23 తెల్లవారుజామున, సీషెల్స్ దీవులకు ఈశాన్యంగా 900 మైళ్లకు పైగా దూరంలో, ఐ-29 అనే జపాన్ జలాంతర్గామి టార్పెడో ప్రయోగించింది. ఓడ వెంటనే మునగలేదు. చీకట్లో తొక్కిసలాట జరిగింది. పడవలను సరిగా దించలేక కొందరు సముద్రంలో పడిపోయారు. ఓడ ఇంకా నిలబడే ఉందని చూసి పడవల్లోని కొందరు తిరిగి రాసాగారు. అప్పుడు రెండవ టార్పెడో తగిలింది. ఓడ మునిగిపోయింది. వైర్‌లెస్ అధికారి తన గది వదలకుండా సహాయం కోసం సంకేతాలు పంపుతూనే ప్రాణం విడిచాడు. ఆ సంకేతాలు అందుకొని వచ్చిన హెచ్.ఎం.ఎస్. బర్మింగ్‌హామ్ అనే యుద్ధనౌక రెండు రోజుల తరువాత 674 మందిని పైకి తీసింది. మరో ఓడ నలుగురిని కాపాడింది. 280 మంది తిరిగి రాలేదు.

ఆ దారి తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. 1860లో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ చెరకు తోటల కూలీలను దర్బన్‌లో దించింది. ఆ తరువాత వరుసగా వెళ్లిన ఓడల్లో మన తెలుగు జిల్లాల పేదలు వేలాదిగా వెళ్లారు. వారి కాపరిగా నెల్లూరు నుండి జాన్ రంగయ్య గారు కుటుంబంతో సహా 1903లో సముద్రం దాటి నేటాల్ చేరారు. తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ కానుకలతో పంపిన మిషనరీ ఆయన. దర్బన్ వెళ్లే ఓడ అంటే మన సంఘాల చరిత్రలో కూడా ఒక పేజీ ఉన్నదని గుర్తుంచుకుంటే, తిలావా ఎవరిదో పరాయి ఓడ అనిపించదు.

ఇక అసలు ప్రశ్న. ప్రయాణికులున్న ఓడను హెచ్చరిక లేకుండా ముంచవచ్చా? కూడదని అప్పటికే ప్రపంచ దేశాలు రాసుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాములు చేసిన నాశనం చూసిన తరువాత 1930లో లండన్ ఒప్పందంలో ఒక నియమం పెట్టారు. 1936లో దాన్నే విడిగా మళ్లీ సంతకాలు చేసి ఖరారు చేశారు. ఆ నియమం సారాంశం సులువైనది. ఆగమన్నా ఆగని ఓడ, తనిఖీని బలంగా ఎదిరించే ఓడ తప్ప, వర్తక ఓడను ముంచే ముందు ప్రయాణికులనూ సిబ్బందినీ క్షేమమైన చోటికి చేర్చాలి. నడిసముద్రంలో పడవలో దింపేసినంత మాత్రాన అది క్షేమమైన చోటు కాదు. దగ్గర్లో నేల గాని, ఎక్కించుకునే ఓడ గాని ఉండాలి. బ్రిటన్, అమెరికా, జపాన్ సంతకం చేశాయి. జర్మనీ అదే సంవత్సరం చేరింది.

ఈ నియమానికి ఏమి జరిగిందో చెప్పేటప్పుడు న్యాయంగా చెప్పాలి. దాన్ని జపాన్ ఒక్కటే తొక్కలేదు. 1940 సెప్టెంబర్ 17 రాత్రి జర్మన్ జలాంతర్గామి సిటీ ఆఫ్ బెనారస్ అనే ఓడను ముంచింది. బాంబుల నుండి కాపాడడానికి కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లలు అందులో ఉన్నారు. 77 మంది చనిపోయారు. ఆ ఓడ నడిపినవారిలో అధికులు మన దేశపు లస్కర్లు. వారిలో ఎందరో ఆ చలి సముద్రంలోనే పోయారు. 1944 ఆగస్టు 22న అమెరికన్ జలాంతర్గామి ముంచిన సుషిమా మారు అనే జపాన్ ఓడలో కూడా పిల్లలే ఉన్నారు. ఒకినావా నుండి తరలిస్తున్న బడిపిల్లలు 700 మందికి పైగా చనిపోయారు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజే, 1941 డిసెంబర్ 7న, జపాన్ ఓడలన్నిటి మీద హెచ్చరిక లేని జలాంతర్గామి యుద్ధానికి అమెరికా ఆజ్ఞ జారీ చేసింది.

యుద్ధం ముగిశాక న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో జర్మన్ నౌకాదళాధిపతి కార్ల్ డోనిట్జ్ మీద ఈ నేరం కూడా మోపారు. పసిఫిక్‌లో తమ జలాంతర్గాములు కూడా అలాగే పోరాడాయని అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ లిఖితపూర్వకంగా చెప్పారు. డోనిట్జ్ నియమాన్ని ఉల్లంఘించాడని న్యాయస్థానం అన్నది. కాని ఆ ఉల్లంఘన ఆధారంగా శిక్ష వేయలేదు. అతనికి పదేళ్లు పడింది ఇతర నేరాలకు. తీర్పు చెప్పే దేశాలే అదే పని చేసినప్పుడు ఎవరిని శిక్షించగలరు?

తిలావా మునగడానికి పది వారాల ముందు జరిగిన ఒక సంగతి దీన్ని ఇంకా స్పష్టంగా చూపుతుంది. 1942 సెప్టెంబర్ 12న పశ్చిమ ఆఫ్రికా తీరానికి దూరంగా ఒక జర్మన్ జలాంతర్గామి లకోనియా అనే బ్రిటిష్ ఓడను ముంచింది. నీళ్లలో ఉన్నవారిలో ఇటలీ యుద్ధఖైదీలు, ఆడవారు, పిల్లలు వందలాదిగా ఉన్నారని చూసి, ఆ జలాంతర్గామి అధిపతి హార్టెన్‌స్టైన్ తానే రక్షణకు దిగాడు. అందరికీ వినిపించేలా రేడియోలో సహాయం అడిగాడు. రెడ్‌క్రాస్ గుర్తు పరిచి, పడవలను తాడుతో లాగుతూ పోయాడు. సెప్టెంబర్ 16న ఒక అమెరికన్ విమానం ఆ జలాంతర్గామి మీదే బాంబులు వేసింది. అతడు బతికినవారిని తిరిగి పడవల్లోకి పంపి నీటి కిందికి దిగిపోవలసి వచ్చింది. మరునాడే డోనిట్జ్ ఆజ్ఞ వచ్చింది, ఇకపై మునిగిన ఓడల వారిని ఎవరూ కాపాడకూడదని. ఒక శత్రువు చూపిన కనికరానికి బాంబులు బదులిచ్చాయి. ఆ బాంబులను సాకుగా తీసుకొని కనికరాన్నే నిషేధించారు. యుద్ధంలో మంచి నియమం చచ్చిపోయేది ఇలాగే. ఒక పక్షం తప్పు రెండవ పక్షానికి అనుమతి పత్రమవుతుంది. అటుపై ఇద్దరికీ అది అలవాటవుతుంది.

తిలావాను మనదేశం ఎందుకు మరచిపోయింది? 1942 అనగానే మనకు క్విట్ ఇండియా గుర్తుకొస్తుంది. ఆంధ్రులకైతే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ వేసిన బాంబులు గుర్తుకొస్తాయి. ఆ రోజుల్లోనే మన తూర్పు తీరం వెంబడి జపాన్ యుద్ధనౌకలు 20కి పైగా వర్తక ఓడలను ముంచేశాయి. యుద్ధకాలంలో ఓడల కబుర్లు సెన్సారు దాటి వచ్చేవి కావు. ఇది ఒక కారణం. ఇంకొకటి ఉంది. తిలావాను ముంచిన ఐ-29 జలాంతర్గామే ఐదు నెలల తరువాత, 1943 ఏప్రిల్ చివరిలో, మడగాస్కర్ దగ్గర సముద్రంలో జర్మన్ జలాంతర్గామి నుండి నేతాజీ సుభాష్ చంద్రబోస్‌ను ఎక్కించుకొని ఆసియాకు చేర్చింది. నేతాజీ ప్రయాణం మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. అదే జలాంతర్గామి చంపిన 280 మంది లేరు. వారిని చంపింది బ్రిటిష్‌వారు కాదు గనుక స్వాతంత్ర్య పోరాట కథలో వారికి చోటు లేదు. వారు సైనికులు కారు గనుక బ్రిటన్ విజయగాథలోనూ చోటు లేదు. ఎవరి కథకూ పనికిరాని మరణాలు కాబట్టి ఎవరూ చెప్పుకోలేదు. ఇందులో నేతాజీని తప్పుపట్టే పని లేదు. మనం ఎవరి దుఃఖాన్ని దేశ దుఃఖంగా లెక్కిస్తున్నామో ఒకసారి చూసుకోవాలన్నదే మాట. ఆ ఐ-29 కూడా 1944 జూలైలో అమెరికన్ జలాంతర్గామి దెబ్బకు తన సిబ్బందితో సహా మునిగిపోయింది.

ఆ యుద్ధంలో వర్తక ఓడల మీద చనిపోయిన అవిభక్త భారత నావికులు దాదాపు 6,000 మంది పేర్లు ముంబైలో, చిట్టగాంగ్‌లో స్మారక గ్రంథాల్లో ఉన్నాయి. తెల్ల నావికులతో పోలిస్తే నాలుగో వంతుకో, అంతకన్నా తక్కువకో పనిచేసిన మనుషులు వారు. తిలావా ప్రయాణికుల కోసం మొదటి సంస్మరణ సభ జరిగింది మాత్రం 80 ఏళ్ల తరువాత, 2022 నవంబర్ 23న ముంబైలో. దాన్ని జరిపింది ప్రభుత్వం కాదు, చనిపోయినవారి మనుమలు, మునిమనుమలు. వెండి కోసం మూడు కోర్టులు, న్యాయవాదులు, సముద్రగర్భంలో దిగే యంత్రాలు వచ్చాయి. మనుషుల కోసం మనుమలు వచ్చారు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2023 నవంబర్ నుండి ఎర్రసముద్రంలో, ఏడెన్ సింధుశాఖలో యెమెన్ హూతీలు వర్తక ఓడల మీద దాడులు చేశారు. ఆయుధాలు మారాయి, జలాంతర్గామికి బదులు క్షిపణులు, డ్రోన్లు, మనిషి లేని పేలుడు పడవలు. ఓడ మీద ఉన్నవారి స్థితి మారలేదు. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే నాఫ్తా ఓడకు క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో 22 మంది మన దేశస్థులే. మన నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం వెళ్లి ఆ మంటలు ఆర్పడానికి సహాయం చేసింది. మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద ముగ్గురు నావికులు చనిపోయారు, ఇద్దరు ఫిలిప్పీన్స్ వారు, ఒకరు వియత్నాం వారు. మిగిలిన 21 మందిని మన ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా కాపాడింది. 2025 జూలైలో వరుసగా మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు ఓడలు మునిగాయి. రెండవదానిలో ప్రాణనష్టం జరిగింది, కొందరు బందీలయ్యారు. గెలాక్సీ లీడర్ సిబ్బంది 25 మందిని అంతకు ముందే 14 నెలలు బందీలుగా ఉంచారు. ఏ దేశాల మీద కోపంతో ఈ పనులు చేశారో ఆ దేశాల వారు వీరిలో ఒక్కరూ లేరు. గాజాలో జరుగుతున్న ఘోరానికి ప్రతీకారమని దాడిచేసినవారు చెప్పుకున్నారు. గాజా బాధ నిజమైనది. కాని ఒక ఫిలిప్పీన్ వంటవాడి మరణం గాజాలో ఏ తల్లి కన్నీరు తుడిచింది?

ఓడల యజమాని ఒక దేశంలో ఉంటాడు. జెండా ఇంకో దేశానిది. సరకు మరొకరిది. బీమా లండన్‌లో. ఓడ మునిగితే వీరందరికీ లెక్క తేల్చే పత్రాలు ఉన్నాయి. డెక్ మీద, ఇంజన్ గదిలో ఉండేది మాత్రం ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారత్ లాంటి దేశాల బిడ్డలు. మన రాష్ట్రాల నుండి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి ఎందరో యువకులు ఈ పనిలోకి వెళ్తున్నారు. అప్పుచేసి కోర్సు చదివి, ఏజెంటుకు డబ్బు కట్టి, ఏ దారిన ఏ రేవుకు పోతున్నామో తెలియకుండా ఓడ ఎక్కేవారున్నారు. 

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మన సంఘాల్లో అందరికీ తెలిసినదే. పౌలు ఎక్కింది కూడా అలెక్సంద్రియ నుండి గోధుమలు మోస్తున్న వర్తక ఓడే. ఆ ఓడ కూడా పోయింది. మనం సాధారణంగా తుపాను గురించి, పౌలు ధైర్యం గురించి ప్రసంగిస్తాము. లూకా ఇంకో సంగతి రాశాడు. ఓడలో ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పాడు, 276 మంది. అందులో ఖైదీలున్నారు, సైనికులున్నారు, నావికులున్నారు. అందరినీ ఒకే లెక్కలో కలిపాడు. ఆ వెంటనే గోధుమలను సముద్రంలో పారబోశారని రాశాడు. ఎన్ని బస్తాలో, ఎంత విలువో చెప్పలేదు. ఖైదీలను చంపేద్దామని సైనికులు ఆలోచించినప్పుడు ఒక రోమా శతాధిపతి అడ్డుపడ్డాడు. లకోనియా దగ్గర ఆ జర్మన్ అధిపతి కొంతసేపు నిలబడిన చోటు అదే. యుద్ధంలో కూడా అలా నిలబడగలిగేవారు ఉంటారు. నియమాలు ఉండేది వారి చేతులు బలపరచడానికే.

అయితే మనమేమి చేయగలము? మూడు సంగతులు.

మొదటిది, మీ సంఘంలో ఓడల మీద పనిచేసే కుటుంబాలు ఎన్నో తెలుసుకోండి. వారి పేర్లు రాసి పెట్టుకోండి. బిడ్డ ఎర్రసముద్రం మీదుగా పోతున్నాడని తెలిసిన తల్లి రాత్రంతా ఫోను పట్టుకొని కూర్చుంటుంది. ఆమె దగ్గరకు సంఘం వెళ్లాలి. జూన్ 25 అంతర్జాతీయ నావికుల దినం. జూలై రెండవ ఆదివారాన్ని అనేక దేశాల సంఘాలు సముద్ర ఆదివారంగా ఆచరిస్తాయి. మన తీరప్రాంత సంఘాలైనా దాన్ని ఆచరించాలి.

రెండవది, ఓడ ఎక్కబోయే యువకులకు వారి హక్కులు చెప్పించండి. నౌకాయాన డైరెక్టర్ జనరల్ లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లాలి. ఆ లైసెన్సు నిజమైనదో కాదో ఆ శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం అంతర్జాతీయ నౌకా కార్మిక ఒడంబడిక ప్రకారం నిషిద్ధం. యూనియన్ ఒప్పందం ఉన్న ఓడలో, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన సముద్రంలోకి రానని చెప్పే హక్కు నావికుడికి ఉంది. తిరుగు ప్రయాణ ఖర్చు కంపెనీదే. ఒప్పుకొని వెళ్తే అదనపు వేతనం, ప్రమాదం జరిగితే రెట్టింపు పరిహారం ఉంటాయి. ఈ మాటలు సంతకం పెట్టకముందే తెలియాలి. సంఘంలో ఉన్న న్యాయవాదులు, అనుభవం ఉన్న నావికులు ఒక సాయంత్రం కూర్చుంటే ఇది సాధ్యమే.

మూడవది, మన మాటల్లో పక్షపాతం లేకుండా చూసుకోవాలి. మనకు నచ్చిన దేశం ఓడ ముంచితే యుద్ధ నీతి అని, నచ్చని దేశం ముంచితే రాక్షసత్వమని చెప్పే అలవాటు ఈ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో, కొన్నిసార్లు ప్రసంగ వేదికల మీద కూడా కనిపిస్తున్నది. 1936 నియమం చచ్చిపోయింది ఆ అలవాటు వల్లనే. బెనారస్ పిల్లల కోసం ఏడ్చినవారు సుషిమా మారు పిల్లల కోసం కూడా ఏడ్చి ఉంటే, నిమిట్జ్ ఆ మాట రాయవలసిన అవసరం రాకపోను. మనుషులను ముందు క్షేమంగా దింపమని చెప్పే ఆ నియమం ఇప్పటికీ రద్దు కాలేదు. దాన్ని అడిగే గొంతులే తక్కువ.

దక్షిణాఫ్రికా వెండి కేసు తేలింది, మంచిదే. తిలావా మనుషులు ఇంకా ఆ సముద్రంలోనే ఉన్నారు. నవంబర్ 23 వచ్చినప్పుడు మీ కుటుంబ ప్రార్థనలో వారిని తలచుకోండి. ఆ రాత్రి సముద్రం మీద కాపలా కాస్తున్న ప్రతి నావికుడి కోసం, ఏ దేశపు జెండా కింద ఉన్నా, ఒక మాట ప్రార్థించండి.